ఆంప్లిఫయర్ రిపేర్‌కి ఏ మల్టీమీటర్ కొనాలి? 300 రూపాయలది చాలా, 3 వేలది కావాలా?

ఇంట్లో ఆంప్లిఫయర్ ఒక చానల్ పలకడం మానేసింది. లేదంటే ఆన్ చేయగానే గుయ్‌మని హమ్ తప్ప పాట రావట్లేదు. రిపేర్ షాపుకి తీసుకెళ్తే "వచ్చే వారం రా తమ్ముడూ" అంటారు. సరే, మూత మనమే విప్పి చూద్దాం అనుకునేవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. వాళ్లకి స్క్రూడ్రైవర్ తర్వాత కావాల్సింది మల్టీమీటర్. ఆన్‌లైన్‌లో వెతికితే 200 రూపాయల నుంచి 40 వేల దాకా కనిపిస్తాయి. ఏడాదికి రెండు మూడు సార్లు బయటికి తీసే వస్తువు మీద ఎంత పెట్టాలి?

రివ్యూలు చూస్తే ఎక్కువగా కౌంట్స్, ట్రూ ఆర్‌ఎంఎస్, డిస్‌ప్లే లైట్, ఫోన్‌కి బ్లూటూత్ కనెక్షన్ గురించే ఉంటుంది. ఆంప్లిఫయర్ పనికి వీటిలో చాలా వరకు అనవసరం. ఇక్కడ మీటర్ చేయాల్సిన పనులు నాలుగైదే. అవి ఏంటో తెలిస్తే ఏ మీటర్ కొనాలో మీకే అర్థమవుతుంది. అందుకే మోడల్స్ కంటే ముందు ఆంప్లిఫయర్ లోపలికి వెళ్దాం.

స్పీకర్‌ని కాపాడే కొలత

ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న మామూలు ఆంప్లిఫయర్ తీసుకోండి. కోఠి గుజరాతీ గల్లీలో పార్టులు కొని అసెంబుల్ చేసుకునే రకం. ట్రాన్స్‌ఫార్మర్ 24-0-24 అయితే, బ్రిడ్జ్ రెక్టిఫయర్ దాటాక 24ని 1.414తో గుణించాలి. దాదాపు 34 వోల్టులు వస్తుంది. అంటే మధ్యలో గ్రౌండ్, ఒకవైపు ప్లస్ 34, ఇంకోవైపు మైనస్ 34. డయోడ్లలో ఒకటో రెండో వోల్టులు పోతాయి, లోడ్ లేకపోతే కాస్త ఎక్కువే చూపిస్తుంది. ఈ రెండు సప్లైలూ ఉన్నాయా, రెండూ దాదాపు సమానంగా ఉన్నాయా అన్నది మొదటి టెస్ట్. ఇది 200 రూపాయల మీటర్‌తో కూడా హాయిగా అయిపోతుంది.

రెండో టెస్ట్ అసలైనది: అవుట్‌పుట్‌లో డీసీ ఎంత ఉంది? స్పీకర్ వైర్లు తీసేసి, ఇన్‌పుట్ దగ్గర సిగ్నల్ పిన్నునీ గ్రౌండ్‌నీ కలిపేసి, స్పీకర్ టెర్మినల్స్ మధ్య డీసీ వోల్టేజీ చూడాలి. ప్లస్, మైనస్ రెండు సప్లైలూ ఉన్న బోర్డులో ఇది సున్నా దగ్గరే ఉండాలి. 50 మిల్లీవోల్టుల లోపు ఉంటే సాధారణంగా బాగున్నట్టే. వంద దాటితే ఏదో తేడా ఉంది. వోల్టుల్లో చూపిస్తే మాత్రం స్పీకర్ జోలికి పోకండి.

ఎందుకంత భయం? అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ ఒకటి షార్ట్ అయితే ఆ 34 వోల్టులు నేరుగా స్పీకర్ కాయిల్‌కి వెళ్తాయి. 8 ఓమ్ స్పీకర్‌ని మీటర్ పెట్టి చూస్తే 6 ఓమ్స్ దగ్గర చూపిస్తుంది, ఎందుకంటే 8 అన్నది ఏసీకి చెప్పే లెక్క. 34ని 34తో గుణించి 6తో భాగిస్తే 190 వాట్లు దాటుతుంది. పాట కాదు, ఒట్టి వేడి. కోన్ ఒక వైపుకి తోసుకుపోయి అక్కడే ఆగిపోతుంది, కాసేపటికి కాలిన వాసన వస్తుంది. ఆంప్లిఫయర్‌లో ట్రాన్సిస్టర్ మార్చి "అయిపోయింది" అనుకుని ఈ ఒక్క కొలత చూడకుండా స్పీకర్ తగిలిస్తే, 100 రూపాయల రిపేర్ కాస్తా 4 వేల స్పీకర్ ఖర్చులో తేలుతుంది.

ఒక హెచ్చరిక. ఇప్పటి బ్లూటూత్ క్లాస్ డీ బోర్డుల్లో, ఉదాహరణకి టీపీఏ3116 చిప్ ఉన్నవాటిలో, స్పీకర్ టెర్మినల్స్ రెండిట్లో ఏదీ గ్రౌండ్ కాదు. ఒక్కోదాని మీదా సప్లైలో దాదాపు సగం వోల్టేజీ ఉంటుంది. 24 వోల్ట్ అడాప్టర్ అయితే గ్రౌండ్‌కీ టెర్మినల్‌కీ మధ్య 12 చూపిస్తుంది. అది చూసి బోర్డు పోయిందని పారేయొద్దు. రెండు టెర్మినల్స్ మధ్య కొలవాలి, అక్కడ సున్నా దగ్గర ఉంటే చాలు. కార్ స్టీరియోల్లో కూడా ఎక్కువగా ఇదే పద్ధతి. అలాంటి బోర్డుల్లో స్పీకర్ మైనస్‌ని గ్రౌండ్ అనుకుని ఏదైనా వైర్ కలిపితే అవుట్‌పుట్ షార్ట్ అవుతుంది. చిప్‌లో ప్రొటెక్షన్ ఉంటే బతుకుతుంది, లేకపోతే లేదు.

చౌక మీటర్ గెలిచే చోటు

ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్లలో, అంటే 2ఎస్‌సీ5200, 2ఎస్‌ఏ1943 జతలు వాడే బోర్డుల్లో, బయాస్ సెట్ చేసే చిన్న ప్రీసెట్ ఉంటుంది. పాట లేనప్పుడు కూడా అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లలో కొంచెం కరెంట్ పారాలి. తక్కువైతే చిన్న వాల్యూమ్‌లో గరగర, ఎక్కువైతే హీట్‌సింక్ పెనంలా కాలిపోతుంది. ఈ కరెంట్‌ని కొలవడానికి సర్క్యూట్ తెంపక్కర్లేదు. ట్రాన్సిస్టర్ పక్కన తెల్ల సిమెంట్ రెసిస్టర్ ఉంటుంది కదా, 0.22 ఓమ్ అని రాసి. దాని రెండు చివర్ల మధ్య 11 మిల్లీవోల్టులు ఉన్నాయంటే, దాని గుండా 50 మిల్లీ ఆంపియర్లు పోతున్నట్టు. మీ బోర్డుకి ఎంత ఉండాలన్నది దాని సర్క్యూట్‌ని బట్టి మారుతుంది, కొలిచే విధానం మాత్రం ఇదే.

అంటే మీకు కావాల్సింది మిల్లీవోల్టులు సరిగ్గా చూపించే మీటర్. తమాషా ఏంటంటే, పసుపు రంగులో ప్రతి హార్డ్‌వేర్ షాపులో వేలాడే డీటీ830డీ రకం మీటర్‌లో 200 మిల్లీవోల్టుల డీసీ రేంజ్ ఉంటుంది. అందులో 0.1 మిల్లీవోల్ట్ తేడా కనిపిస్తుంది. దానికంటే ఖరీదైన కొన్ని ఆటో రేంజ్ మీటర్లలో డీసీ మొదలయ్యేదే 6 వోల్టుల దగ్గర. వాటిలో కనిపించే అతి చిన్న తేడా 1 మిల్లీవోల్ట్, పైగా చివరి అంకె మూడు నాలుగు అటూ ఇటూ అవ్వొచ్చు. 11 చూపిస్తే అది 8 కావచ్చు, 14 కావచ్చు. కాబట్టి బాక్స్ మీద 6000 కౌంట్స్ అని చూసి మురిసిపోకుండా, డయల్ మీద మిల్లీవోల్ట్ డీసీకి విడిగా స్థానం ఉందో లేదో చూడండి. స్పెసిఫికేషన్ పేజీలో అతి చిన్న డీసీ రేంజ్ ఎంతో రాసి ఉంటుంది.

టీడీఏ2030, టీడీఏ7294 లాంటి చిప్ ఆంప్లిఫయర్లే మీ దగ్గర ఉంటే ఈ బయాస్ గొడవ లేదు, అన్నీ చిప్ లోపలే సెట్ అయి ఉంటాయి.

అదే 0.22 రెసిస్టర్‌ని ఓమ్స్‌లో కొలిచి బాగుందో లేదో చూద్దాం అనుకుంటే కుదరదు. లీడ్ వైర్ల రెసిస్టెన్సే 0.2 నుంచి 0.5 ఓమ్ దాకా ఉంటుంది. రెండు మొనలూ కలిపినప్పుడు ఎంత చూపిస్తుందో రెసిస్టర్ మీద కూడా దాదాపు అంతే చూపిస్తే అది తెగలేదని మాత్రం చెప్పొచ్చు.

డయోడ్ టెస్ట్ ప్రతి మీటర్‌లోనూ ఉంటుంది, రిపేర్‌లో సగం పని దానిదే. పవర్ తీసేసి, కెపాసిటర్లు డిశ్చార్జ్ చేశాకే ఇది. ఎన్‌పీఎన్ ట్రాన్సిస్టర్ బేస్ మీద ఎర్ర లీడ్ పెట్టి, నల్లది కలెక్టర్ మీద, తర్వాత ఎమిటర్ మీద పెడితే 0.5 నుంచి 0.7 దాకా రావాలి. తిప్పి పెడితే ఏమీ రాకూడదు. కలెక్టర్, ఎమిటర్ మధ్య రెండు వైపులా సున్నా దగ్గర వస్తే అది పోయినట్టే. బోర్డు మీద ఉండగా చూస్తే పక్క పార్టుల వల్ల తప్పు రీడింగ్ రావచ్చు, అనుమానం ఉంటే టంకం తీసి బయట చూడండి. పాత షాపుల్లో ముల్లు మీటర్లు, శాన్వా వైఎక్స్360 రకానివి, ఇప్పటికీ కనిపిస్తాయి. అవి వాడేవాళ్లకి ఒక తిరకాసు: ఓమ్స్ రేంజ్‌లో వాటి నల్ల లీడ్‌కే ప్లస్ వస్తుంది. డిజిటల్ మీటర్ అలవాటుతో పట్టుకుంటే మంచి ట్రాన్సిస్టర్ కూడా తిరగబడినట్టు కనిపిస్తుంది.

ఆంపియర్ రేంజ్ అక్కర్లేదు

బీటెక్ ఫస్టియర్ ల్యాబ్‌లో వోల్టేజీ, కరెంట్ రెండూ కొలిపిస్తారు కాబట్టి మీటర్‌లో రెండూ ఉండాలి అనిపిస్తుంది. పైన చూశారుగా, ఆంప్లిఫయర్‌లో కరెంట్ కావాలన్నా రెసిస్టర్ మీద వోల్టేజీ చూసి లెక్కేస్తాం. ఆంపియర్ రేంజ్ అవసరం దాదాపు రాదు.

చౌక మీటర్లలో అత్యంత ప్రమాదం కూడా ఆ రేంజే. 10 ఆంపియర్ల సాకెట్ పక్కన చిన్నగా 'అన్‌ఫ్యూజ్డ్' అని రాసి ఉంటుంది. అంటే మధ్యలో ఫ్యూజ్ లేదు, లావాటి తీగ ముక్క ఒకటే ఉంది. నిన్న ఎప్పుడో బ్యాటరీ కరెంట్ చూసి ఎర్ర లీడ్ అక్కడే వదిలేశారు, ఇవాళ వోల్టేజీ చూద్దామని డయల్ మాత్రం తిప్పి 230 వోల్టుల ప్లగ్‌లో పెట్టారు అనుకోండి. డయల్ ఎక్కడున్నా సరే, లీడ్ ఆ సాకెట్‌లో ఉన్నంతసేపు అది నేరుగా షార్ట్ సర్క్యూట్. మీటర్ చేతిలోనే పేలొచ్చు.

అందుకే కరెంట్ కొలవలేని మీటర్‌ని నేను లోపంగా చూడను. ఫ్లూక్ 101లో ఆంపియర్ రేంజే లేదు, లీడ్లు పెట్టడానికి రెండే చోట్లు. చాలా రివ్యూల్లో దీన్ని మైనస్ పాయింట్‌గా రాస్తారు. ఎప్పుడో ఒకసారి మీటర్ పట్టుకునేవాళ్లకి, పోయినసారి లీడ్ ఎక్కడ పెట్టామో గుర్తుండనివాళ్లకి, అదే పెద్ద ప్లస్.

కెపాసిటర్: ఇక్కడ బ్రాండ్ కూడా తడబడుతుంది

హమ్‌కి మొదటి అనుమానితుడు ఫిల్టర్ కెపాసిటర్. మన 50 హెర్ట్జ్ కరెంటు రెక్టిఫై అయ్యాక 100 హెర్ట్జ్ అలలు వస్తాయి, వాటిని సాఫీ చేసే పని దీనిది. ఎండిపోతే ఆ 100 హెర్ట్జ్ స్పీకర్‌లో వినిపిస్తుంది. ఇవి 4700 మైక్రోఫారడ్, 10,000 మైక్రోఫారడ్ సైజుల్లో ఉంటాయి. 'కెపాసిటెన్స్ ఉంది' అని బాక్స్ మీద రాసున్నా ఎంత వరకు అన్నది ముఖ్యం. ఫ్లూక్ 101 అంత పేరున్నదే, కానీ 100 మైక్రోఫారడ్‌తో ఆగిపోతుంది. దాంతో చిన్న కప్లింగ్ కెపాసిటర్లు చూడగలరు, ఫిల్టర్ కెపాసిటర్ చూడలేరు. చైనా నుంచి వచ్చే అనెంగ్ ఏఎన్8008 దాదాపు 10,000 దాకా వెళ్తుంది, యూనిటీ యూటీ139సీ ఇంకా పైకి వెళ్తుంది.

అయితే కెపాసిటెన్స్ బాగుందంటే కెపాసిటర్ బాగుందని కాదు. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లకి సాధారణంగా 20 శాతం అటూ ఇటూ ఉండొచ్చు. లోపల రెసిస్టెన్స్ పెరిగిపోయింది కూడా మీటర్‌లో కనిపించదు, దానికి ఈఎస్‌ఆర్ మీటర్ వేరే ఉంటుంది. పైన ఉబ్బినా, కింద కారినా ఏ మీటరూ అక్కర్లేదు, మార్చేయడమే. ఇంకో దారి, నడుస్తున్న ఆంప్లిఫయర్ డీసీ సప్లై మీద ఏసీ రేంజ్ పెట్టి రిపుల్ ఎంతుందో చూడటం. డీటీ830 రకంతో మాత్రం ఇది చేయొద్దు. దాని ఏసీ రేంజ్ డీసీని ఆపదు, ఒట్టి డీసీ ఇచ్చినా ఏదో ఒక పిచ్చి అంకె చూపిస్తుంది. పైగా దాని అతి చిన్న ఏసీ రేంజే 200 వోల్టులు.

కెపాసిటెన్స్, డయోడ్, ఓమ్స్, ఏది చూడాలన్నా ముందు డిశ్చార్జ్ చేయాలి. 10,000 మైక్రోఫారడ్‌లో 34 వోల్టులు ఉంటే దాదాపు 6 జౌల్స్ శక్తి దాగి ఉన్నట్టు. స్క్రూడ్రైవర్‌తో ఠప్‌మని షార్ట్ చేసే అలవాటు చాలామందికి ఉంది. కెపాసిటర్‌కీ మంచిది కాదు, కళ్లకీ మంచిది కాదు. 220 ఓమ్, 5 వాట్ల రెసిస్టర్ ఒకటి కొని రెండు చివర్లకీ ఇన్సులేషన్ ఉన్న వైర్లు టంకం పెట్టుకోండి. 15 సెకన్లు పట్టుకుంటే ఖాళీ అయిపోతుంది. తర్వాత మీటర్‌తో ఒకసారి వోల్టేజీ చూసి నిర్ధారించుకోండి. ఇది ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్ సప్లైకి చెప్పిన లెక్క. వాల్వ్ ఆంప్లిఫయర్లలో వందల వోల్టులు ఉంటాయి, వాటి జోలికి ఈ ఆర్టికల్ చదివి వెళ్లకండి.

230 వైపు వెళ్తారా, లేదా?

కొనేముందు మిమ్మల్ని మీరు అడగాల్సిన ప్రశ్న ఇదే. ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ, స్విచ్, ఫ్యూజ్, ఎస్‌ఎంపీఎస్. వీటిలో లీడ్ పెట్టాల్సిన అవసరం వస్తుందా? ఎస్‌ఎంపీఎస్‌లో పెద్ద కెపాసిటర్ మీద 230 ఇంటూ 1.414, అంటే 325 వోల్టుల డీసీ ఉంటుంది. ప్లగ్ పీకాక కూడా కొంతసేపు ఉండొచ్చు. గుళ్లలో, చవితి పందిళ్లలో వాడే పీఏ ఆంప్లిఫయర్లలో 100 వోల్ట్ లైన్ అని ఒక అవుట్‌పుట్ ఉంటుంది. ఫుల్ పవర్‌లో స్పీకర్ వైర్ మీదే 100 వోల్టుల ఏసీ వస్తుంది, స్పీకర్ వైరే కదా అని ముట్టుకుంటే షాక్ కొడుతుంది.

మీటర్ మీద 'క్యాట్ 2', 'క్యాట్ 3' అని రాసేది దీని గురించే. ఐఈసీ 61010 అనే ప్రమాణం ప్రకారం, ప్లగ్‌కి తగిలించే పరికరాలకి క్యాట్ 2, ఇంటి వైరింగ్, డిస్ట్రిబ్యూషన్ బోర్డులకి క్యాట్ 3, బయట మీటర్ వైపు లైన్‌కి క్యాట్ 4. కరెంటు లైన్‌లో ఉన్నట్టుండి వచ్చే వోల్టేజీ దెబ్బని మీటర్ తట్టుకోవాలి. క్యాట్ 3 600 వోల్టుల మీటర్ 6000 వోల్టుల దెబ్బకి నిలబడాలి. అందుకు లోపల దూరాలు, ఫ్యూజులు, ప్రొటెక్షన్ పార్టులు ఉండాలి. 250 రూపాయల మీటర్ మీద కూడా 1000 వోల్టులు అని ముద్ర ఉంటుంది. మూత విప్పితే ఆ ముద్రకి తగ్గట్టు ఏమీ కనపడదు. ముద్ర వేయడానికి ఖర్చు కాదు కదా.

అందుకే నా లెక్క ఇలా ఉంటుంది. మీ ఆంప్లిఫయర్ 12 లేదా 24 వోల్టుల అడాప్టర్‌తో నడిచేదైతే, లేదా ట్రాన్స్‌ఫార్మర్ దాటాక ఉన్న భాగమే చూస్తే, డీటీ830డీ రకం చాలు. 230 వైపు దాన్ని తీసుకెళ్లకండి. కొంటున్నది బజర్ ఉన్న మోడలేనా చూసుకోండి, ఒకే పేరుతో ఉన్నవీ లేనివీ రెండూ అమ్ముతారు. ప్రైమరీ వైపు కూడా చూడాలి, ఇంట్లో స్విచ్ బోర్డులకి కూడా వాడాలి అనుకుంటే ఫ్లూక్ 101 కానీ, మెకో, రిషభ్ లాంటి మన దేశపు కంపెనీల క్యాట్ 3 మీటర్ కానీ తీసుకోండి. అన్నిటికీ ఒక్కటే కావాలి, ఫిల్టర్ కెపాసిటర్ కూడా కొలవాలి అంటే యూటీ139సీ బాగా సరిపోతుంది. మిల్లీవోల్ట్ రేంజ్ ఉంది, క్యాట్ 3 600 వోల్టులు ఉంది. ఏఎన్8008 తక్కువ ధరలో చాలా ఖచ్చితంగా కొలుస్తుంది, మిల్లీవోల్టుల్లో దాన్ని మించినవి ఆ రేటుకి దొరకడం కష్టం. కానీ మెయిన్స్‌లో మాత్రం నేను దాన్ని పెట్టను. దానితో పాటు 800 రూపాయలు ఎక్కువ పెడితే ఇంకా మంచిది వస్తుందా అని వారం రోజులు తూకం వేయకండి, ఆ డబ్బు లీడ్ల మీద పెట్టండి.

ట్రూ ఆర్‌ఎంఎస్ గురించి రెండు మాటలు. అవుట్‌పుట్ పవర్ చూడాలంటే స్పీకర్ బదులు 8 ఓమ్, 50 వాట్ల రెసిస్టర్ పెట్టి, ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్‌తో 100 హెర్ట్జ్ సైన్ వేవ్ ఇస్తే మామూలు మీటర్ కూడా సరిగ్గానే చూపిస్తుంది. 12.6 వోల్టులు వస్తే దాదాపు 20 వాట్లు. 1000 హెర్ట్జ్ ఇస్తే చాలా చౌక మీటర్లు తక్కువ చూపిస్తాయి, వాటి ఏసీ రేంజ్ 400 హెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది. సౌండ్ పగిలిపోతోందా అన్నది ఏ మీటరూ చెప్పదు, దానికి ఆసిలోస్కోప్ కావాలి. బాక్స్ మీద 5000 వాట్ల పీఎంపీఓ అని ఉన్న ఆంప్లిఫయర్ ఈ టెస్ట్‌లో ఎంత ఇస్తుందో ఒకసారి చూడండి, నవ్వొస్తుంది.

మీటర్‌తో వచ్చిన లీడ్లు చౌకవాటిలో ప్లాస్టిక్ పలచగా ఉంటాయి, మొన దగ్గర ఊడిపోతాయి. మెత్తని సిలికాన్ వైర్ లీడ్లు, ఒక జత మొసలి క్లిప్పులు కొనుక్కోండి. నల్ల క్లిప్‌ని గ్రౌండ్‌కి తగిలించి వదిలేస్తే ఒక చెయ్యి ఖాళీగా ఉంటుంది. లీడ్ మొన మీద హీట్ ష్రింక్ స్లీవ్ తొడిగి చివర 2 మిల్లీమీటర్లు మాత్రమే బయట ఉంచండి. ట్రాన్సిస్టర్ కాళ్ల మధ్య మొన జారి రెండు కాళ్లూ కలిశాయంటే ఆన్‌లో ఉన్న బోర్డు క్షణంలో పోతుంది. రిపేర్ అయ్యాక మొదటిసారి ఆన్ చేసేటప్పుడు కరెంటుకి సీరీస్‌లో 60 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు పెట్టండి. వెలిగి ఆరిపోతే పర్లేదు, గట్టిగా వెలుగుతూనే ఉంటే లోపల ఇంకా షార్ట్ ఉంది.

పని అయ్యాక మీటర్‌లోంచి బ్యాటరీ తీసేయండి. డీటీ830 లాంటివాటికి దానంతట అదే ఆఫ్ అయ్యే ఏర్పాటు ఉండదు, ఆరు నెలలకి తీస్తే బ్యాటరీ అయిపోయి ఉంటుంది లేదా కారి కాంటాక్టులు తినేసి ఉంటుంది. బ్యాటరీ బలహీనంగా ఉన్నప్పుడు ఈ మీటర్లు అసలు కంటే ఎక్కువ వోల్టేజీ చూపిస్తాయి. 24-0-24 ట్రాన్స్‌ఫార్మర్‌కి సప్లై 45 వోల్టులు కనిపిస్తే, బోర్డుని అనుమానించే ముందు కొత్త 9 వోల్ట్ బ్యాటరీ వేసి చూడండి.